కనిగిరి చెంచయ్య, గదర్ సైనికులు, మా మావయ్య ట్రంకుపెట్టె



ఇది పెద్ద పోస్టు. బస్సులోనో, రాత్రి హాస్టల్లో కరెంటు ఉన్నప్పుడో నిదానంగా చదవండి. మధ్యలో ఆపితే సగం కథే తెలుస్తది.

నా రూమ్మేట్ రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తాడు. పల్నాడు వైపు తండా వాడు. వాళ్ళ యాడి మిరపకాయ కోతలకి పోయి తెచ్చిన కూలి డబ్బులతో షూ కొనుక్కున్నాడు. గ్రౌండుకి పోయి 1600 మీటర్లు పరిగెత్తుతాడు. అయిదున్నర నిమిషాల్లో కొడితేనే ర్యాలీలో ఫుల్ మార్కులు. నేను పక్కమీద దుప్పటి కప్పుకుని ఉండగానే వాడు చెమటతో తిరిగొస్తాడు. వాడి టార్గెట్ అగ్నివీర్.

పోయిన నెల ఒక రాత్రి వాడు అడిగాడు. "ఒరే, నువ్వు హిస్టరీ చదువుతున్నావు గదా, చెప్పు. నేను పోయేది దేశం కోసమా, జీతం కోసమా?"

నేను నవ్వి ఊరుకున్నా. జవాబు తెలియక నవ్వాను. ఆ తర్వాత లైబ్రరీలో ఒక పుస్తకం దొరికింది, దాని వెంట పడి ఇంకొన్ని చదివాను. వాడికి చెప్పాల్సిన జవాబు ఇంకా పూర్తిగా దొరకలేదు గానీ, చదివింది మీ అందరికీ చెప్పాలనిపించింది.

ముందు మా ఇంటి సంగతి. మేం ఎరుకల వాళ్ళం. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, పదిహేడేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా రిటైర్ అయ్యాడు. ఇప్పుడు గుంటూరు దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో రాత్రి సెక్యూరిటీ. ఇంట్లో ఆకుపచ్చ రంగు ట్రంకుపెట్టె ఒకటి ఉంటది. దాంట్లో ఆయన మెడల్స్, డిశ్చార్జి బుక్కు, మడత పెట్టిన యూనిఫారం ఉంటాయి. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే చేతిమీద కొట్టేవాడు. ఈ పెట్టె గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తది.

లైబ్రరీలో దొరికిన పుస్తకం దర్శి చెంచయ్య గారి ఆత్మకథ. పేరు "నేను - నా దేశం". ఆయన మన కనిగిరిలో 1890లో పుట్టారు. అప్పట్లో కనిగిరి నెల్లూరు జిల్లా కింద ఉండేది. వైశ్యుల ఇంట్లో పుట్టినవాడు, ఊళ్ళో లెక్క ప్రకారం కొట్లో కూర్చుని తూకం వేయాల్సిన మనిషి. అలాంటిది 1912లో వ్యవసాయశాస్త్రం చదవడానికి ఓడెక్కి అమెరికా వెళ్ళారు. కనిగిరి అంటే ఇప్పటికీ మనకి కరువు, తాగునీళ్ళ బాధ గుర్తొస్తాయి. నూరేళ్ళ క్రితం అక్కడి కుర్రోడు కాలిఫోర్నియా దాకా పోయాడంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

అక్కడ చదువుతూ ఉండగా ఆయనకి పరిచయమైన వాళ్ళలో ఎక్కువమంది విద్యార్థులు కాదు. కట్టెకోత మిల్లుల్లో, పొలాల్లో, రైలు పట్టాల మీద పని చేసే పంజాబీ కూలీలు. వాళ్ళల్లో చాలామంది మాజీ సైనికులు. నా పోస్టు అసలు వీళ్ళ గురించే. బ్రిటిష్ వాళ్ళ కోసం యుద్ధాలు చేసి, ఆ బ్రిటిష్ వాళ్ళ మీదే తిరగబడిన సైనికుల గురించి.

ఇక్కడ ఒక విషయం తెలియాలి. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళు సైన్యాన్ని కొత్త లెక్కతో కట్టారు. కొన్ని కులాలు, కొన్ని ప్రాంతాల వాళ్ళు పుట్టుకతోనే యోధులని ఒక జాబితా రాసుకున్నారు. మార్షల్ రేసెస్ అనేవాళ్ళు. సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు, గర్వాలీలు అందులోకి వచ్చారు. మదరాసు వైపు వాళ్ళు, అంటే మన తెలుగోళ్ళు, యుద్ధానికి పనికిరారని పక్కన పెట్టారు. తమాషా ఏంటంటే, అంతకు ముందు ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవాళ్ళు. మొదట్లో ఆ సిపాయిలు తెలుగు నేల నుంచి వెళ్ళారు కాబట్టి ఆ పేరొచ్చింది. 1857లో ఢిల్లీ వీధుల్లో సిపాయి అనడానికి తిలంగా అనే అన్నారు. సైనికుడి పేరే మన పేరైనప్పుడు, కొన్నేళ్ళకే మనకి యుద్ధం చేతకాదని ఎలా తేలింది? తేలింది మన రక్తంలో కాదు, వాళ్ళ అవసరంలో.

అదే ప్రభుత్వం ఇంకో జాబితా కూడా రాసింది. అది మనందరికీ తెలుసు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911లో కొత్త చట్టంతో దాన్ని మదరాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే దొంగలన్నారు. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే పర్మిషన్. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆ రోజుల్లోనే పెట్టారు. మదరాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పజెప్పారు. తెలుగులో దాన్ని రక్షణ సైన్యం అంటారు. మా ముత్తాత చూసిన మొదటి "సైన్యం" అదేనేమో.

ఒకే కాలం, ఒకే ప్రభుత్వం, రెండు జాబితాలు. ఒకదాంట్లో పుట్టుకతో వీరులు, రెండోదాంట్లో పుట్టుకతో దొంగలు. చిన్నప్పటి నుంచీ నేను రెండో జాబితా గురించే కోపంగా ఆలోచించేవాణ్ణి. మొదటి జాబితాలో ఉన్నోళ్ళు అదృష్టవంతులు అనుకునేవాణ్ణి. గదర్ కథ చదివాక ఆ అభిప్రాయం మారింది.

ఎందుకంటే ఆ "పుట్టుకతో వీరులు" సైన్యం నుంచి బయటికొచ్చాక ఏమయ్యారో చూడండి. చైనా వరకూ పోయి బ్రిటిష్ జెండా కింద కాపలా కాసినవాళ్ళు, అదే సామ్రాజ్యం కదా అని కెనడాకి, పక్కనే అమెరికాకి బతకడానికి పోయారు. అక్కడ వాళ్ళ పేరు కూలీ. 1907 సెప్టెంబర్‌లో అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్లవాళ్ళ గుంపు కట్టెకోత మిల్లుల్లో పని చేసే మనవాళ్ళ గదుల మీద పడి కొట్టి, ఊరి నుంచి తరిమేసింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఆ ఏడే వాళ్ళకి ఓటు లేకుండా చేసింది. 1908లో ఇంకో రూలు తెచ్చారు. పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చే ఓడలో వస్తేనే రానిస్తారట. అలా వచ్చే ఓడ దొరకడమే కష్టం. చట్టంలో ఎక్కడా "ఇండియా వాళ్ళు రావొద్దు" అని ఉండదు, కానీ రాలేరు. సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనకి ఇలాంటి రూల్స్ కొత్తేం కాదు.

వాళ్ళు మొదట అర్జీలు పెట్టుకున్నారు. మేం మీ కోసం యుద్ధం చేశాం, మా ఛాతీ మీద మీ పతకాలు ఉన్నాయి అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు 1909లో వాంకూవర్ గురుద్వారాలో మాజీ సైనికులు ఒక తీర్మానం చేశారు. ఇకమీదట బ్రిటిష్ పతకాలు, సైనిక యూనిఫారాలు ఎవరూ వేసుకోకూడదని. కొందరు తమ డిశ్చార్జి కాగితాలని అక్కడే మంటలో వేశారు.

వాళ్ళల్లో ఒకడు భాగ్ సింగ్. బెంగాల్ లాన్సర్స్ అనే గుర్రపు దళంలో పనిచేసి, తర్వాత చైనాలో పోలీసుగా చేసి, కెనడా చేరాడు. తన సైనిక సర్టిఫికెట్ తగలబెట్టాడు. తర్వాత వాంకూవర్‌లోని ఖాల్సా దివాన్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. 1914 సెప్టెంబర్ 5న అదే గురుద్వారాలో, కెనడా ఇమిగ్రేషన్ వాళ్ళకి వేగు పని చేసే ఒకడు ఆయన్ని కాల్చి చంపాడు. ప్రభుత్వం కోసం తుపాకీ పట్టినన్నాళ్ళూ ఆయన మంచి సిపాయి. ఆ కాగితం కాల్చిన రోజు నుంచీ నిఘాలో ఉన్న మనిషి.

ఇది చదివినప్పుడు నాకు మా మావయ్య పెట్టె గుర్తొచ్చింది. ఆయన డిశ్చార్జి బుక్కుకి ప్లాస్టిక్ కవరు వేసి, ఆ కవరుకి ఇంకో కవరు వేశాడు, చెదలు పట్టకుండా. అక్కడ వాళ్ళు మంటలో వేశారు. ఇద్దరూ సైనికులే. ఈ తేడా ఏంటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

1913లో అమెరికా పడమటి తీరంలో ఈ కూలీలు, మాజీ సైనికులు, విద్యార్థులు కలిసి పార్టీ పెట్టుకున్నారు. కట్టెకోత మిల్లులో పనిచేసే సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడు. చదువుకున్న లాలా హరదయాళ్ కార్యదర్శి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఫీసు, దాని పేరు యుగాంతర్ ఆశ్రమం. 1913 నవంబర్ 1న "గదర్" అనే పత్రిక మొదటి సంచిక ఉర్దూలో వచ్చింది. తర్వాత పంజాబీలోనూ వేశారు. గదర్ అంటే తిరుగుబాటు. బ్రిటిష్ వాళ్ళు 1857ని తిట్టడానికి వాడిన మాటనే వీళ్ళు పేరుగా పెట్టుకున్నారు. కాలక్రమంలో పార్టీ పేరు కూడా అదే అయింది. ప్రెస్సులో పని చేసినవాళ్ళలో కర్తార్ సింగ్ సరాభా ఉన్నాడు, అప్పటికి పదిహేడేళ్ళ పిల్లోడు, బర్క్‌లీలో చదవడానికి వచ్చినవాడు. ఆ విద్యార్థుల గుంపులోనే మన కనిగిరి చెంచయ్య గారు కూడా పార్టీలో చేరారు. చుట్టూ పంజాబీలు, బెంగాలీలు, మధ్యలో ఒక తెలుగాయన.

ఆ పత్రికలో సైన్యం ఉద్యోగ ప్రకటన లాగే ఒక ప్రకటన వేసేవాళ్ళు. తిరుగుబాటుకి సైనికులు కావాలి, జీతం దగ్గర మరణం అని. మేం రోజూ ఫోనులో చూసే నోటిఫికేషన్లలో జీతం, వయసు, ఎత్తు, ఛాతీ కొలతలు ఉంటాయి. అలాంటి ప్రకటనకి కూడా జనం వచ్చారంటే వాళ్ళకి ఎంత కాలి ఉండాలి.

1914 మే 23న కొమగటమారు అనే ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరింది. వాళ్ళల్లోనూ మాజీ సైనికులు ఉన్నారు. రెండు నెలలు ఓడని ఒడ్డుకి దూరంగా ఆపి, చివరికి జూలై 23న వెనక్కి పంపేశారు. సెప్టెంబర్ 29న కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగితే పోలీసులు, సైన్యం కాల్పులు జరిపారు. ఇరవై మంది దాకా చనిపోయారు. ఓడ వెళ్ళి వచ్చే లోపల మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. అంటే ఒక పక్క భారతీయుల్ని ఓడ దిగనివ్వని సామ్రాజ్యం, ఇంకో పక్క భారతీయుల్ని ఓడల్లో ఎక్కించి ఫ్రాన్సుకి, మెసొపొటేమియాకి పంపుతోంది. ఆ యుద్ధానికి పోయిన భారతీయులు సుమారు 13 లక్షలు. 74 వేల మంది దాకా తిరిగి రాలేదు.

గదర్ వాళ్ళ మాట ఒక్కటే, ఈ యుద్ధం మనది కాదు. మనం చచ్చేది ఎవరికోసం? తుపాకీ మన చేతిలోనే ఉంది కదా, దాన్ని తిప్పండి. ఈ మాట చెప్పడానికి వేల మంది గదర్ వాళ్ళు ఉన్న పనులు వదిలి ఇండియాకి బయల్దేరారు. చాలామందిని ఓడ దిగగానే పట్టుకున్నారు. మిగిలినవాళ్ళు కంటోన్మెంట్లలో సిపాయిలతో మాట్లాడారు. 1915 ఫిబ్రవరి 21న తిరుగుబాటు అనుకున్నారు. లోపలికి చేరిన వేగు ద్వారా ప్రభుత్వానికి తెలిసింది. తేదీ 19కి మార్చారు, అదీ తెలిసిపోయింది. లాహోరులో కేసు నడిచింది. 1915 నవంబర్ 16న ఏడుగురిని ఉరి తీశారు. అందులో కర్తార్ సింగ్ ఒకడు. వయసు పంతొమ్మిది. నాకంటే ఏడాది చిన్న.

సింగపూర్‌లో మాత్రం నిజంగానే తుపాకులు తిరిగాయి. 1915 ఫిబ్రవరి 15న అయిదో లైట్ ఇన్‌ఫంట్రీ అనే భారతీయ పటాలం తిరగబడింది. ఎక్కువమంది ముస్లిం సిపాయిలు. తమని టర్కీ మీద యుద్ధానికి పంపుతారని భయపడ్డారు, పై అధికారుల మీద కోపం ఉంది, గదర్ ప్రచారం కూడా చెవిన పడింది. కొన్ని రోజుల్లో అణిచేశారు. 47 మందిని జైలు గోడకి నిలబెట్టి కాల్చి చంపారు. జనం గుంపులుగా వచ్చి చూశారు. సిపాయి యుద్ధం చేయనంటే ఏమవుతుందో అందరికీ తెలియాలని బహిరంగంగా చేశారు.

చెంచయ్య గారిది ఇంకో దారి. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, అక్కడ నుంచి అడవుల మీదుగా బర్మాలోకి దిగి, బర్మాలో ఉన్న భారతీయ సైనికుల్ని కదిలించాలని ఒక దళం పథకం. సయాంలో రైలు మార్గాల పనుల్లో పంజాబీ కూలీలు ఉన్నారు, వాళ్ళు తోడవుతారని ఆశ. ఆ పథకం మీద వెళ్ళిన వాళ్ళలో మన కనిగిరి ఆయన ఉన్నారు. అదీ బయటపడింది. సయాంలో పట్టుబడి బ్రిటిష్ వాళ్ళ చేతిలో పడ్డారు. 1919 దాకా జైళ్ళలో గడిపారు. వ్యవసాయం చదివొస్తాడని పంపిన కొడుకు ఖైదీ అయ్యాడంటే కనిగిరిలో ఆ ఇంట్లో ఎలా ఉండి ఉంటదో అని ఆలోచించాను. నన్ను చదువుకి పంపిన మా అమ్మకి అలాంటి కబురు వస్తే అని.

గదర్ ఎందుకు ఓడిపోయింది? పరీక్షలో అయితే వేగులు, ఆయుధాలు అందకపోవడం, నాయకత్వం చెదిరిపోవడం అని మూడు పాయింట్లు రాస్తాం. అవి నిజమే. జర్మనీ సాయంతో ఆయుధాలు తేవాలని చూశారు, అవి దారిలోనే ఆగిపోయాయి. నాకు ఇక్కడ ఒక అనుమానం కూడా ఉంది. ఒక చక్రవర్తిని దించడానికి ఇంకో చక్రవర్తి తుపాకులు తెచ్చుకుంటే, చివరికి ఎవరి లెక్క తీర్చాల్సి వచ్చేది? వాళ్ళని యుద్ధ వ్యతిరేకులు అంటే పూర్తిగా సరికాదు. వాళ్ళు వద్దన్నది సామ్రాజ్యం కోసం చేసే యుద్ధాన్ని.

నాకనిపించిన ఇంకో కారణం ఇది. గదర్ వాళ్ళు సిపాయిల దగ్గరికి వెళ్ళారు. ఊళ్ళల్లో జనం దగ్గరికి వెళ్ళే టైమే వాళ్ళకి దొరకలేదు. లాహోరు కంటోన్మెంటులో చెప్పిన మాట స్టూవర్టుపురంలో హాజరుకి నిలబడ్డ మా వాళ్ళ దాకా రాలేదు. వస్తే మాత్రం మా వాళ్ళకి అది అర్థమయ్యేది. బ్రిటిష్ ప్రభుత్వం అంటే ఏంటో వాళ్ళకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, రాత్రి హాజరు పట్టీ పిలుస్తుంటే చాలు.

జైలు నుంచి వచ్చాక చెంచయ్య గారు ఏం చేశారో చూస్తే, ఆయనకి కూడా ఇలాంటిదేదో తట్టిందని నాకనిపిస్తది. ఇది నా ఊహ. ఆయన మళ్ళీ తుపాకుల కోసం పోలేదు. కులం మీద, ఆడవాళ్ళ మీద సంఘం పెట్టే హింస మీద పని పెట్టుకున్నారు. మద్రాసులో సంఘ సంస్కరణ, గ్రంథాలయోద్యమం, తర్వాత కమ్యూనిస్టు ఉద్యమం. 1964లో చనిపోయేదాకా ఆయన అదే దారిలో ఉన్నారు. బయటి దొరని కొట్టాలని వెళ్ళిన మనిషి, తిరిగొచ్చి ఇంట్లో దొరతనాన్ని చూశారు. గదర్ వీరుడు అని ఎప్పుడైనా చెప్పుకుంటారు గానీ, ఈ రెండో సగం తక్కువ చెప్తారు. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది.

గదర్ మాట మాత్రం చావలేదు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో కిస్సాఖ్వానీ బజారులో జనం మీద కాల్పులు జరిగాయి. అక్కడికి పంపిన గర్వాల్ రైఫిల్స్ సిపాయిల్లో చంద్రసింగ్ గర్వాలీ అనే హవల్దారు ఉన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో, మెసొపొటేమియాలో పోరాడినవాడు. నిరాయుధులైన పఠాన్ల మీద కాల్చమని ఆర్డరు వస్తే, ఆయనా ఆయన తోటి సిపాయిలూ కాల్చలేదు. జాబితా ప్రకారం గర్వాలీలూ వీరులే, పఠాన్లూ వీరులే. ఒక వీరుడి చేత ఇంకో వీరుణ్ణి కాల్పించడానికే ఆ జాబితా. చంద్రసింగ్‌కి యావజ్జీవ శిక్ష పడింది. 1941లో బయటికొచ్చాడు. క్విట్ ఇండియాలో మళ్ళీ జైలుకి పోయాడు, తర్వాత కమ్యూనిస్టు పార్టీలో పనిచేశాడు. 1979లో చనిపోయాడు.

ఇంకా నలభై ఏళ్ళ తర్వాత, 1971 ఏప్రిల్ 23న, అమెరికాలో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన మాజీ సైనికులు తమ పార్లమెంటు భవనం ముందు వరసగా నిలబడి మెడల్స్ విసిరేశారు. 800 మందికి పైగా. కాళ్ళు పోయినవాళ్ళు చక్రాల కుర్చీల్లో వచ్చారు. వాంకూవర్ గురుద్వారా మంట గురించి వాళ్ళకి తెలిసి ఉండదు. అయినా అదే పని చేశారు.

ఇదంతా చదివి పండక్కి ఇంటికి పోయినప్పుడు మావయ్యకి చెప్పాను. పొలాల్లో కాయలు ఎండబోసి ఉన్నాయి, ఆ ఘాటుకి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. ఆయన మొత్తం విన్నాడు. చంద్రసింగ్ సంగతి చెప్పినప్పుడు ఒకే ప్రశ్న అడిగాడు.

"మరి పెన్షన్?"

ఉద్యోగమే పోయింది మావయ్యా, జైలు పడింది అన్నాను. తల ఊపాడు. కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ పెట్టె సంగతి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక ఊరి పొలాల్లో మోటారు వైర్లు పోయాయి. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. సాయంత్రానికి మా నాన్నని, ఇంకో ఇద్దరు ఎరుకల వాళ్ళని స్టేషనుకి తీసుకుపోయారు. చట్టం 1952లో రద్దయింది. కానీ ఊరి బుర్రలో రద్దు కాలేదు. మావయ్య అప్పుడే రిటైర్ అయి వచ్చాడు. పెట్టె తెరిచాడు. కోటు వేసుకుని, మెడల్స్ అన్నీ పెట్టుకుని, డిశ్చార్జి బుక్కు చేత్తో పట్టుకుని స్టేషనుకి నడిచి పోయాడు. హిందీలో మాట్లాడాడు. కుర్చీ వేశారంట. రాత్రి భోజనాల వేళకి మా నాన్న ఇంటికొచ్చాడు. మిగతా ఇద్దరు కూడా. మావయ్య కోటు విప్పి, మెడల్స్ తీసి, ఒక్కోటి తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. ఆ రోజు అన్నం తినలేదు.

అది గుర్తు చేసి అడిగాను, నువ్వైతే వాటిని తగలబెడతావా అని. ఆయన నవ్వాడు. "వాళ్ళకి వీరులని ముందే పేరుంది, అందుకని కాల్చగలిగారు. నేను దొంగని కాదని రాసున్న కాగితం నాకు ఇదొక్కటేరా" అన్నాడు.

ఆ మాటతో నాకు తేడా అర్థమైంది. రెండు జాబితాలు రాసింది ఒకే చెయ్యి. మొదటి జాబితాలోని మనిషి విడుదల కావాలంటే కాగితం కాల్చాలి. రెండో జాబితాలోని మనిషి బతకాలంటే కాగితం దాచుకోవాలి. ఎవరు గొప్ప అని అడగడం తప్పు. మనిషి మనిషేనని చెప్పడానికి మెడల్ ఎందుకు కావాల్సి వచ్చిందని అడగాలి. మా నాన్న ఏ మెడలూ లేకుండా ఆ స్టేషన్ నుంచి ఇంటికి రాగలగాలి. భాగ్ సింగ్ ఏ మెడలూ చూపించకుండా వాంకూవర్‌లో కట్టెలు కోసుకుని బతకగలగాలి. వాళ్ళిద్దరి గొడవా అదే.

పడుకునే ముందు మావయ్య ఇంకొకటి అన్నాడు. నేను అడగలేదు. "ఒకసారి ఒక ఊళ్ళో జనం మమ్మల్ని రాళ్ళతో కొట్టారు. ఆర్డర్ రాలేదు కాబట్టి కాల్చలేదు. వస్తే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు." ఏ ఊరని అడిగితే చెప్పలేదు. పదిహేడేళ్ళ సర్వీసు గురించి ఆయన ఇంతవరకూ నాకు చెప్పింది అంతే.

హాస్టల్‌కి తిరిగొచ్చి నా రూమ్మేట్‌కి ఏం చెప్పానంటే, పోవద్దని చెప్పలేదు. చెప్పే అర్హత నాకు లేదు. వాళ్ళ ఇంట్లో అప్పు నాకు తెలుసు, ఈ ఏడు మిర్చి రేటు కూడా తెలుసు. అగ్నివీర్ నాలుగేళ్ళు, తర్వాత నలుగురిలో ఒకరినే ఉంచుతారని వాడికీ తెలుసు. నేను చెప్పింది ఇంతే. "దేశం కోసమా జీతం కోసమా అని నిన్ను నువ్వు కొట్టుకోకు. ఇంటికోసం పోవడం తప్పు కాదు. కానీ ఆ తుపాకీ ఎప్పుడైనా మన తండా లాంటి తండా వైపు తిప్పమంటే, చంద్రసింగ్ అనే ఒక హవల్దారు ఉండేవాడని గుర్తుంచుకో. నీ దగ్గర మెడల్ ఉందని ఎవరైనా కుర్చీ వేస్తే, లేనివాడు నేలమీద కూర్చున్నాడని గుర్తుంచుకో." వాడు షూ లేసులు కట్టుకుంటూ విన్నాడు. సరే గానీ రేపు గ్రౌండుకొచ్చి నా టైం చూడరా, ఒక్కడికే కుదరట్లేదు అన్నాడు. వెళ్తున్నాను. పోయిన వారం అయిదు నిమిషాల నలభై సెకన్లు.

చివరగా మీకు ఒక పని చెప్తా. మన గూడేల్లో, తండాల్లో, ఎరుకల కాలనీల్లో, యానాది సంఘాల్లో సైన్యం నుంచి రిటైర్ అయి వచ్చినవాళ్ళు ఉంటారు. ఎక్కడో గార్డుగానో, వాచ్‌మెన్‌గానో పని చేస్తుంటారు. వాళ్ళ దగ్గర కూర్చోండి. ఎక్కడ పని చేశారు, ఎవరి మీద గురి పెట్టమన్నారు, తిరిగొచ్చాక ఊరు ఏమని పిలిచింది, ఈ మూడూ అడగండి. మొదటి రోజు చెప్పరు. మా మావయ్య ఆరేళ్ళు పట్టాడు. వాళ్ళు ఒప్పుకుంటేనే, పేర్లు లేకుండా, ఇక్కడ రాయండి. చెంచయ్య గారు తన కథ తాను రాసుకున్నారు కాబట్టి నూరేళ్ళ తర్వాత కనిగిరి నుంచి గుంటూరు హాస్టల్ దాకా వచ్చింది. మనవాళ్ళు రాసుకోలేరు, మనం రాయాలి.

తప్పులుంటే సరిదిద్దండి. జోహార్.